పడవ మోటారుకు పెట్రోలు అందకపోతే: ధర్మసాగర్‌లో మా అనుభవం

మోటారు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో ఏ వంకా ఉండదు, ఒడ్డు వదిలి మంచి స్పీడందుకుంటుంది, సరిగ్గా నాలుగు వేల ఆర్‌పీఎం దాటి రెండు మూడు నిమిషాలు పోయాక మెల్లమెల్లగా బలం తగ్గి రెండున్నర వేలకు పడిపోతుంది. ఆరిపోదు. అలాగని థ్రాటిల్ ఎంత తోసినా పైకీ రాదు. కాసేపు ఐడిల్‌లో ఉంచితే మళ్లీ ఏమీ ఎరగనట్టు పరుగెడుతుంది, ఇంకో రెండు నిమిషాలకు మళ్లీ అదే కథ. పొద్దున పూట కాస్త నయం, మధ్యాహ్నం ఎండలో మరీ ఘోరం.

ఈ మోటారు మా బావ వాళ్ల మత్స్యకార సంఘానిది. కాజీపేట దాటాక ధర్మసాగర్ రిజర్వాయర్ ఉంది కదా, దేవాదుల పథకంలో గంగారం దగ్గర గోదావరి నుంచి ఎత్తిపోసిన నీళ్లు వచ్చి పడే చోటు, అక్కడ వీళ్ల వలలు. మామూలుగా వీళ్లకు థర్మాకోల్ తెప్పలే ఆధారం. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది, భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి నీట మునిగి జనం మిద్దెలెక్కారు, అది చూశాక మనకూ ఒక మోటారు పడవ ఉంటే వలలకూ పనికొస్తుంది, ఆపదకూ పనికొస్తుంది అని సంఘంలో మాట పుట్టింది. అందరూ తలా కొంత వేసుకుని కాకినాడ వైపు నుంచి ఒక ఫైబర్ పడవ, దానికి 40 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఈఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) మోటారు సెకండ్ హ్యాండ్‌లో తెచ్చారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఈ సైజు ఈఎఫ్‌ఐ మోటార్లలో పెట్రోలు దారి దాదాపు ఒకేలా ఉంటుంది.

నేను హనుమకొండలో బైకులు చేస్తాను. పడవలు నా పని కాదు. బావ ఫోన్ చేసి "బామ్మర్దీ, నువ్వు ఎఫ్‌ఐ బండ్లు ఇప్పుతవ్ గదా, ఇది గూడ జర జూడు, సంఘపోళ్లు నన్ను నిలవనిస్తలేరు" అంటే వెళ్లాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చిన దగ్గర్నుంచి మా షెడ్డులో ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపులు రోజూ చూసేవే, చాలా బళ్లలో రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) ప్రెషర్ 43 పీఎస్‌ఐ చుట్టుపక్కలే ఉంటుంది, ఈ మోటారు సర్వీసు పుస్తకంలోనూ అంతే ఉంది. కాబట్టి గేజీ నా దగ్గర ముందే ఉంది. లేనిదల్లా పడవ అలవాటు.

నేను పోయేసరికే తీర్పు అయిపోయింది. కోస్తా వైపు మెకానిక్ ఒకాయన ఫోన్‌లోనే అంతా విని హై ప్రెషర్ పంపు వీక్ అయింది, మార్చేయండి అన్నాడట. పంపు ఒక్కటే ముప్పై వేలకు పైన, ఆర్డరు పెడితే ఎప్పుడొస్తుందో చెప్పలేరు. ఆయన్ను తప్పుపట్టను, ఆయన చెప్పిన లక్షణానికి పంపు కూడా ఒక కారణమే. కానీ ప్రెషర్ ఎంతుందో ఎవరూ కొలవలేదు. కొలవకుండా ముప్పై వేలు పెట్టడం నాకు నచ్చలేదు, అది సంఘం డబ్బు.

ముందు పెట్రోలు ఏ దారిన పోతుందో చెప్పాలి, లేకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. బైకులో అయితే ట్యాంకులోనే పంపు మునిగి ఉంటుంది, అక్కడి నుంచే 43తో తోస్తుంది, అంతే. అవుట్‌బోర్డులో, అంటే ఇలా పడవ వెనక బయట బిగించే మోటారులో, ట్యాంకు పడవలో ఎక్కడో కింద ఉంటుంది, మోటారు వెనక చెక్క మీద పైన ఉంటుంది. ప్రెషర్‌తో ఉన్న పెట్రోలు పైపు పడవ పొడుగునా పరచడం ప్రమాదం, అందుకని ట్యాంకు నుంచి మోటారు దాకా పెట్రోలును తోయరు, పీలుస్తారు. ఆ పీల్చే పని సిలిండర్ హెడ్డు మీద ఉండే చిన్న డయాఫ్రమ్ పంపుది, క్యామ్ షాఫ్ట్ దాన్ని కొడుతుంటుంది. దారిలో నీళ్లు వేరుచేసే పెద్ద ఫిల్టరు, చేత్తో పిసికే ప్రైమర్ బల్బు, మోటారు కవర్ లోపల ఇంకో చిన్న ఫిల్టరు. డయాఫ్రమ్ పంపు పీల్చిన పెట్రోలు వేపర్ సెపరేటర్ ట్యాంకు అనే డబ్బాలోకి పోతుంది, అందరూ వీఎస్‌టీ అంటారు. అందులో కార్బొరేటర్‌లో ఉన్నట్టే ఫ్లోటు, నీడిల్ ఉంటాయి. ఆ డబ్బాలో మునిగి ఉన్నదే కరెంటు పంపు, అదే 43 ఇచ్చేది. అది రైలుకు తోస్తే రెగ్యులేటరు ఎక్కువైంది వెనక్కి వీఎస్‌టీలోకి వదులుతుంది.

అంటే ఇక్కడ రెండు పంపులు, మధ్యలో ఒక చిన్న డబ్బా. రైలులో ప్రెషర్ తక్కువ ఉందంటే ఆ కరెంటు పంపు చేతకాకైనా అయి ఉండాలి, డబ్బాలో పెట్రోలే లేకైనా అయి ఉండాలి. డబ్బా ఖాళీ అయితే కొత్త పంపు వేసినా గాలే తోస్తుంది. ఈ రెంటిలో ఏదో తేలకుండా స్పానర్ పట్టుకుని లాభం లేదు.

అసలు పెట్రోలు సంగతేనా అన్నది కూడా చూసుకోవాలి కదా. నీళ్లలో ఇంకొన్ని కారణాలకు కూడా ఇలాంటి లక్షణమే ఉంటుంది. మోటారు వేడెక్కితే తనంతట తానే ఆర్‌పీఎం తగ్గించుకుంటుంది, ఒడ్డు పక్కన గుర్రపుడెక్క, నాచు ఉన్న చెరువుల్లో నీళ్లు లాగే జాలీకి ఆకు అడ్డం పడితే ఇలాగే అవుతుంది. కానీ అప్పుడు బజర్ మోగుతుంది, వెనక నుంచి పడే నీటిధార సన్నబడుతుంది. ఇక్కడ ధార బ్రహ్మాండంగా ఉంది, బజర్ లేదు. ప్రొపెల్లర్‌కు వల దారం చుట్టుకుందేమో చూశాం, కాస్త ఉంది, తీసేశాం, తేడా లేదు. స్పార్క్ తప్పితే ఠక్కున కొట్టేస్తుంది, జర్కులు వస్తాయి. ఇది అలా కాదు, నెమ్మదిగా జారిపోతోంది. అది పెట్రోలు అందని లక్షణం అని నా అనుభవం. ఇంకో మాట, బలం తగ్గుతున్నప్పుడు బావ బల్బు రెండుసార్లు పిసికితే మోటారు మళ్లీ లేచి కూర్చుంటోందట. ఈ మాట ముందే చెప్పి ఉంటే సగం పని తగ్గేది, "అది మామూలే అనుకున్న" అన్నాడు.

ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజన్‌లోకి దిగుతుంది, ఆయిల్ లెవెల్ పెరుగుతుంది, పెట్రోలు వాసన కొడుతుంది. ఇక్కడ లెవెల్ ఉన్నచోటే ఉంది, వాసన లేదు. డయాఫ్రమ్ బాగుందని ఇదొక్కటే రుజువు కాదు గానీ పెద్ద చిరుగైతే లేదు.

ఇక గేజీ. రైలు మీద బైకు ట్యూబు వాల్వు లాంటిదే ఒక వాల్వు ఉంటుంది, దానికి మూత. గేజీ బిగించేటప్పుడు చుట్టూ గుడ్డ చుట్టి పెట్టుకోవాలి, నాలుగు చుక్కలైనా చిమ్ముతుంది, కింద వేడి ఇంజన్ ఉంటుంది. కవర్ తీసి నడుపుతాం కాబట్టి తిరిగే ఫ్లైవీల్ పక్కనే పని, చొక్కా చేతులు మడిచి, మెడలో తువ్వాలు తీసేసి, కిల్ స్విచ్ తాడు బావ మణికట్టుకు వేసి, లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. పడవలో బీడీ వద్దని చెబితే సంఘంలో ఒక పెద్దాయన అలిగి ఒడ్డునే ఉండిపోయాడు. మంటలార్పే సిలిండరు నా షెడ్డు నుంచి తెచ్చుకున్నాను.

కీ ఆన్ చేయగానే పంపు రెండు మూడు సెకన్లు గుర్రుమని ఆగింది, ముల్లు 43 మీద నిలబడింది. స్టార్ట్ చేస్తే ఐడిల్‌లో 38 దగ్గర, రెగ్యులేటరుకు వాక్యూమ్ పైపు ఉన్న మోటార్లలో ఐడిల్‌లో ఆ మాత్రం తగ్గడం సహజం. ఒడ్డున కట్టేసి ఎంత రేజ్ చేసినా ముల్లు కదల్లేదు. ఇక్కడే ఆగిపోయేవాళ్లు ఎక్కువ, ప్రెషర్ బానే ఉంది, ఈసీఎం (మోటారు కంప్యూటరు) పోయింది అని ఇంకో దారి పడతారు. కట్టేసి, గేరు వేయకుండా రేజ్ చేస్తే మోటారు తాగే పెట్రోలు చాలా తక్కువ. పీల్చే వైపు దారి సగం మూసుకుపోయినా ఆ కాస్త పెట్రోలు అందుతూనే ఉంటుంది. నిజంగా తెలియాలంటే నలుగురు మనుషులను, తడిసిన వలలను వేసుకుని నీళ్ల మీద ఫుల్ థ్రాటిల్‌లో చూడాల్సిందే.

గేజీ పైపు పొడుగ్గా తీసి టేపుతో కట్టి, డయల్ నా చేతిలో పట్టుకుని బయలుదేరాం. నాలుగు వేలు దాటింది, ముల్లు 42. ఒక నిమిషం, ఒకటిన్నర. 42లోనే ఉంది. అప్పుడు ముల్లు సన్నగా వణకడం మొదలైంది, 40, 37, మళ్లీ 39, ఆ తరవాత నిలకడ లేకుండా 30 కిందికి జారింది, అప్పటికి గానీ మోటారు గొంతు మారలేదు. అంటే చెవికి తెలిసేసరికి గేజీకి తెలిసి చాలాసేపైంది. ఇరవై దగ్గరికొచ్చేసరికి బావను బల్బు పిసకమన్నాను. ముల్లు ఒక్క ఎగురున 42కు పోయింది.

ఆ వణుకు నాకు చాలా చెప్పింది. పంపు అరిగిపోతే ప్రెషర్ సాఫీగా తగ్గుతుంది, ముల్లు ఒక చోట స్థిరంగా తక్కువ చూపిస్తుంది. పంపు పెట్రోలుతో పాటు గాలి మింగుతుంటే ముల్లు అదురుతుంది. అయినా అనుమానం మిగలకూడదని పంపు సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెట్టాను, వోల్టేజి పడిపోయినా పంపు నీరసిస్తుంది, నీళ్ల దగ్గర ఎర్త్ కనెక్షన్లకు పచ్చ తుప్పు పట్టడం మామూలే. మోటారు నడుస్తుండగా బ్యాటరీ మీద ఎంత ఉందో పంపు దగ్గర దానికి పిసరంత తక్కువ, అంతే. కరెంటు వైపు తప్పు లేదు.

ఇప్పుడు తేల్చే పరీక్ష. వీఎస్‌టీ అడుగున ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, దానికి సన్న పైపు తగిలించి ఒక గాజు సీసాలోకి పెట్టుకున్నాను. మోటారు మళ్లీ అలా జారిపోయే దాకా తోలి, జారిపోయిన మరుక్షణం, బల్బు ముట్టుకోకుండా, కీ ఆపేసి, ఇంజన్ కాస్త చల్లారాక స్క్రూ వదులు చేశాం. టీ గ్లాసులో సగానికి కూడా రాలేదు. అదే మోటారు ఐడిల్‌లో బాగా నడిచాక ఆపి తీస్తే సీసాలోకి అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. అంటే డబ్బా ఖాళీ అవుతోంది. పాపం కరెంటు పంపు పెట్రోలు లేక గాలి కొడుతోంది, దాని మీద నింద పడింది. ఇదే పరీక్షలో డబ్బా నిండుగా ఉండి ఉంటే నేనూ పంపు, దాని జాలీ, రెగ్యులేటరు వైపే పోయేవాణ్ణి. రెగ్యులేటరు చెడిందో లేదో చూడాలంటే దాని వాక్యూమ్ పైపు ఊడబీకి చూస్తే చాలు, ఆ పైపులో పెట్రోలు తడి ఉంటే లోపలి డయాఫ్రమ్ పోయినట్టే. మాది పొడిగా ఉంది.

బావకు ఆ సీసా చూపించి "పంపు వోలేదు బావా, పంపుకు పెట్రోలు అందుతలేదు" అంటే నమ్మలేదు. "బల్బు గట్టిగనే ఉంటది గదరా, పెట్రోలు రాకుంటె బల్బు చప్పబడాలె" అన్నాడు. అడిగింది సరైన ప్రశ్నే, ఈ కేసులో అందరినీ పక్కదారి పట్టించింది అదే. బల్బు లోపలికి చప్పబడి అతుక్కుపోతే అడ్డంకి ట్యాంకు వైపు ఉన్నట్టు: ట్యాంకు మూత గాలిరంధ్రం మూసుకుపోవడం, లోపలి పీల్చే గొట్టం జాలీ మూసుకుపోవడం, అలాంటివి. బల్బు గట్టిగా ఉందంటే బల్బు దాకా పెట్రోలు వస్తోందని అర్థం. మోటారు దాకా వస్తోందని కాదు.

అయినా వరసన చూసుకుంటూ పోయాం. ట్యాంకు మూత వదులు చేసి తోలాం, తేడా లేదు. పెద్ద ఫిల్టరు పది మైక్రాన్లది, దాన్ని విప్పి అందులోది గాజు సీసాలోకి ఒంపి కాసేపు కదపకుండా పెడితే అడుగున ఒక పలుచటి పొర వేరుగా తేలింది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది, ఓ హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. బైకు అయితే వారానికి రెండుసార్లు పెట్రోలు పోయిస్తాం కాబట్టి ఈ బాధ తక్కువ, పడవ ట్యాంకు వానాకాలమంతా సగం నిండి అలాగే పడి ఉంటుంది. ఫిల్టరు కొత్తది వేశాం, ట్యాంకు అడుగు నుంచి కొంత తోడి పారేశాం. మోటారు కాస్త సేపు ఎక్కువ నిలబడింది, మళ్లీ జారింది.

తరవాత బల్బుకూ మోటారుకూ మధ్య ఓ చోట చిన్న పారదర్శక పైపు ముక్క పెట్టి చూశాం. ఐడిల్‌లో పెట్రోలు అద్దంలా పోతోంది, ఫుల్ థ్రాటిల్‌లో బుడగలు. బుడగలు చూసి సంఘం వాళ్లంతా ఒక్కసారే "ఎయిర్ లీకు" అన్నారు. క్లాంపులన్నీ మార్చాం, కనెక్టర్ ఓ-రింగు కొత్తది వేశాం. బుడగలు అలాగే ఉన్నాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దారిలో అడ్డం ఉన్నప్పుడు పంపు గట్టిగా పీలుస్తుంది, పీల్చే వైపు ప్రెషర్ బాగా పడిపోతుంది, ప్రెషర్ పడిపోతే పెట్రోలు మామూలు కన్నా తక్కువ వేడికే ఆవిరైపోతుంది. మన వరంగల్ మే ఎండలో పడవ నేల కింద పైపు ఎంత కాలుతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి ఆ బుడగలు బయటి నుంచి దూరిన గాలే అయి ఉండాల్సిన పని లేదు, పెట్రోలు ఆవిరి కూడా కావచ్చు. మధ్యాహ్నం రోగం ఎందుకు ముదురుతోందో కూడా దీంతోనే తెలిసిపోయింది. గాలి లీకా, అడ్డంకా అన్నది కంటితో తేలదు, వాక్యూమ్ గేజీతోనే తేలుతుంది. గాలి లీకైతే వాక్యూమ్ పెరగదు. అడ్డంకి అయితే పెరుగుతుంది.

మల్టీ సిలిండర్ బైకుల కార్బొరేటర్లు సరిచేసే వాక్యూమ్ గేజీ నా దగ్గర పాతది ఉంది. డయాఫ్రమ్ పంపుకు సరిగ్గా ముందు టీ జాయింటు వేసి దాన్ని తగిలించాను. అవుట్‌బోర్డు వాళ్లు మామూలుగా పాటించే లెక్క, ఫుల్ థ్రాటిల్‌లో కూడా వాక్యూమ్ నాలుగు ఇంచుల మెర్క్యురీ (వాక్యూమ్ కొలిచే లెక్క) దాటకూడదు. మాది ఐడిల్‌లో ఒకటి, మూడు వేల ఆర్‌పీఎంలో మూడు, నాలుగు వేలు దాటగానే ఎనిమిది, ఇంకా పైకి. వెనక్కి తిరిగి బావను చూశాను, ముల్లు చూసి ఆయనకే అర్థమైంది.

అదే టీ జాయింటును విప్పి ఈసారి బల్బుకు ముందు, ట్యాంకు వైపు వేశాం. ఫుల్ థ్రాటిల్‌లో ఒకటిన్నరకు మించలేదు. అంటే ట్యాంకు, పీల్చే గొట్టం, ట్యాంకు నుంచి పెట్రోలు తనంతట తానే కారిపోకుండా ఆపే సైఫన్ వాల్వు, పెద్ద ఫిల్టరు అన్నీ నిర్దోషులు. దొంగ బల్బుకూ మోటారుకూ మధ్య ఉన్నాడు. అక్కడ ఉన్నవి మూడే: బల్బు లోపలి వాల్వు, పైపు, కనెక్టరు. బల్బు వేరేది పెట్టి చూశాం, ఎనిమిది. పైపు మార్చి, తాత్కాలికంగా నేను తెచ్చుకున్న కొత్త పైపు ముక్క వేశాం. రెండు.

ఆ పాత పైపు బయటికి చూస్తే ఏ లోపమూ లేదు. మెత్తగా వంగుతోంది, పగుళ్లు లేవు, నోట్లో పెట్టి ఊదితే గాలి సుబ్బరంగా పోతోంది. ఊదితే పోతుంది, పీలిస్తే పోదు, అదే దాని జబ్బు. కత్తితో పొడుగ్గా చీల్చాను. బయటి రబ్బరు దిట్టంగా ఉంది, లోపల ఉండే పలుచటి పొర ఒక జానెడు మేర రబ్బరు నుంచి ఊడిపోయి వేలాడుతోంది, వేలితో ముట్టుకుంటే జిగురుగా, ముడతలు పడి ఉంది. పలుచటి స్ట్రాతో కొబ్బరి నీళ్లు గట్టిగా పీలిస్తే స్ట్రా గోడలు అతుక్కుపోతాయి చూడండి, ఇక్కడ జరుగుతున్నది అచ్చం అదే. నెమ్మదిగా పీల్చినంతసేపు పొర గోడకు ఆనుకునే ఉంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో గుంజితే మధ్యలోకి లేచి దారి మూసేస్తుంది. బల్బు పిసికితే పెట్రోలు వెనక నుంచి తోసుకొచ్చి పొరను మళ్లీ గోడకు నొక్కేస్తుంది, అందుకే ఒక్క ఎగురున 42. బల్బు పరీక్ష, ఊదే పరీక్ష రెండూ తోసే పరీక్షలే, ఈ జబ్బు పీల్చినప్పుడు మాత్రమే కనిపిస్తుంది.

పొర ఎందుకు ఊడింది అంటే వయసు, ఎండ, ఇథనాల్ మూడూ కలిశాయి అనుకుంటున్నాను. 2023లో ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, మొదలైంది, ఇప్పుడు ఏ బంకులో పోయించినా దాదాపు అదే. అవుట్‌బోర్డు కంపెనీల పుస్తకాల్లో ఎక్కువగా పది శాతం ఇథనాల్ దాకానే ఒప్పుకుంటారు. పడవ వాళ్లకు వేరే పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాదులో కొన్ని బంకుల్లో ఖరీదైన రకం ఉందంటారు, దాన్ని మోసుకొచ్చి చేపలు పట్టి గిట్టుబాటు అయ్యేదేనా. కాబట్టి పైపులు, రబ్బరు భాగాలు ఇథనాల్‌కు తట్టుకునేవి వేసుకోవడం, పడవ పక్కన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేయడం, ఇంతే మన చేతిలో ఉన్నది.

పైపు కొనేటప్పుడు జాగ్రత్త. బైకు పెట్రోలు పైపు ఆరు మిల్లీమీటర్లది, అది 40 హార్స్‌పవర్ మోటారుకు సరిపోదు, వేస్తే పైపే అడ్డంకి అవుతుంది. లోపలి కొలత పది మిల్లీమీటర్లు, అంటే మూడు బై ఎనిమిది ఇంచుల మెరైన్ పైపు కావాలి. దాని ఒంటి మీద ఐఎస్‌ఓ 7840 అనో, ఎస్‌ఏఈ జె1527 అనో అచ్చు ఉంటుంది, ఆ అచ్చు లేనిది ఎంత మందంగా ఉన్నా తీసుకోవద్దు. హనుమకొండలో, వరంగల్ చౌరస్తా వైపు షాపుల్లో అడిగితే గ్యాస్ పైపు చూపించారు. చివరికి కాకినాడలో పడవ సామాను షాపు నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించాం, ట్యాంకు నుంచి మోటారు దాకా మొత్తం ఒకే సరుకు, బల్బు కూడా కొత్తది. బల్బు మీద బాణం మోటారు వైపు ఉండాలి. స్టీలు క్లాంపులు.

పాత పైపు లోపలి పొర ముక్కలు ఎక్కడికి పోయి ఉంటాయి? నా అనుమానం నిజమే, మోటారు చిన్న ఫిల్టరు గిన్నెలో నల్లటి రేకులు దొరికాయి. కాబట్టి వీఎస్‌టీ కూడా విప్పక తప్పలేదు. బ్యాటరీ తీగ తీసేసి, రైలు ప్రెషర్ వదిలేసి, డబ్బా తీశాం. ఇన్‌టేక్ మానిఫోల్డ్ సందులో ఉంటుంది, వేళ్లు పట్టవు, నాకు మొత్తం పనిలో విసుగొచ్చింది ఇక్కడే. అడుగున గోధుమరంగు జిగురు, కరెంటు పంపు జాలీ మీద నలుసులు. కార్బొరేటర్ క్లీనర్‌తో కడిగి, ఫ్లోటు నీడిల్ ఇరుక్కోకుండా ఆడుతోందని చూసి, కొత్త ఓ-రింగుతో మూశాం. పాత ఓ-రింగు పెట్రోలులో నాని ఉబ్బి ఉంటుంది, గాడిలో మళ్లీ కూర్చోదు, ముందే కొత్తది పక్కన పెట్టుకుని విప్పండి.

మళ్లీ రెండు గేజీలూ తగిలించి, అలిగిన పెద్దాయనతో సహా అందరం ఎక్కి, గట్టు నుంచి అవతలి గట్టుదాకా ఫుల్ థ్రాటిల్‌లో పోయాం. వాక్యూమ్ రెండు, రైలు 42, ముల్లు మేకు కొట్టినట్టు కదల్లేదు. మిట్ట మధ్యాహ్నం. వచ్చేటప్పుడు బావ కావాలని బల్బు పిసికి చూశాడు, ముల్లులో తేడా రాలేదు, అప్పుడు గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు. సంఘం వాళ్లు ఓ పెద్ద బొచ్చె చేప చేతిలో పెట్టారు, డబ్బులు నేనే వద్దన్నాను, పైపు, ఫిల్టరు, ఓ-రింగుల ఖర్చు మాత్రం వాళ్లది. అంతా కలిపినా వాళ్లకు చెప్పిన పంపు ధరలో చిన్న ముక్క.

పూర్తిగా బాగైపోయిందని అనను. రాత్రంతా ఆపి ఉంచితే పొద్దునకు రైలు ప్రెషర్ సున్నాకు వచ్చేస్తోంది, మొదటి సెల్ఫ్‌కు కాస్త ఎక్కువ తిప్పించుకుంటుంది. కరెంటు పంపులోని చెక్ వాల్వు వదులైందా, ఇంజెక్టరు ఏదైనా కారుతోందా అన్నది ఇంకా చూడాలి, రైలు విప్పి ఇంజెక్టర్లు ఒక్కోటి చూస్తే గానీ తేలదు. ప్రస్తుతానికి కీ రెండుసార్లు ఆన్ ఆఫ్ చేసి, పంపు గుర్రుమన్నాక సెల్ఫ్ కొట్టమని బావకు చెప్పాను, అలా స్టార్ట్ అవుతోంది. చేపల వేట జోరు తగ్గాక మోటారును షెడ్డుకు తెమ్మన్నాను, "అప్పటిదాక నడవనియ్యి బామ్మర్దీ" అన్నాడు.